ఎక్స్‌రే పఠనం: వైద్య విద్యార్థుల శిక్షణ

ఎక్స్‌రే ఫిల్ము చూసి జబ్బు పోల్చుకోవడం ప్రతి డాక్టరుకూ కావలసిన విద్య. వైద్య కళాశాలల్లో దానికోసం ప్రత్యేకించిన సమయం మాత్రం చాలా తక్కువ. ఎంబీబీఎస్ విద్యార్థులు మొదటి ఏడు అనాటమీలో ఎముకల ఫిల్ములు చూస్తారు. ఆ తర్వాత మెడిసిన్, సర్జరీ, ఆర్థోపెడిక్స్, పిల్లల వార్డుల్లో ఒక్కోచోట కొంత నేర్చుకుంటారు. హౌస్ సర్జన్లయ్యాక క్యాజువాలిటీలో రాత్రిపూట సొంతంగా చూసి నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. రేడియాలజీలో ఎండీ చేసేవారికి మూడేళ్లూ అదే పని. ఈ నేర్పు ఎంతవరకు పట్టుబడుతుందో, ఎక్కడ దారి తప్పుతుందో 1940ల నుంచి పరీక్షిస్తూనే ఉన్నారు. ఫిల్ము చూసి తానొక మాట చెప్పడం, ఆ మాట తప్పో ఒప్పో వెంటనే తెలియడం, ఈ రెండూ కలిస్తేనే విద్యార్థి ముందుకు పోతాడని ఆ పరిశోధనల సారం. మన ఆసుపత్రుల్లో మొదటిది పుష్కలంగా ఉంది, రెండోదానికే కరువు.

ఫిల్ము మొదట ఎవరి చేతికి వస్తుంది

ఉదాహరణకు రెడ్డిగూడెం మండలం చూద్దాం. అది ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్టలోది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఇవి మామిడి తోటల ఊళ్లు. పొరుగున ఉన్న ఏ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు చాలా ఇళ్లను పట్టి పీడిస్తోంది. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. పరిటాల, దొనబండ చుట్టుపక్కల కంకర క్వారీలు. రెడ్డిగూడెం చుట్టుపక్కల ఎవరికైనా దగ్గు ఎంతకీ తగ్గకపోయినా, తోటలో కొమ్మ విరిగి కిందపడినా మైలవరమో, తిరువూరో, నూజివీడో వెళ్లి ఎక్స్‌రే తీయించుకుంటారు. నందిగామ, జగ్గయ్యపేట పక్క ఊళ్లవాళ్లకు ఆ పట్టణాల ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి. అక్కడా తేలకపోతే విజయవాడ పెద్దాసుపత్రి, అంటే సిద్ధార్థ వైద్య కళాశాలకు అనుబంధంగా నడిచే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి.

ఈ దారి పొడవునా ఫిల్మును మొదట చూసేది చాలాసార్లు రేడియాలజిస్టు కాదు. చిన్న ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చూస్తారు, పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో హౌస్ సర్జనో పీజీనో చూస్తారు. కట్టు వేయాలా, పంపేయాలా, ఛాతీలో గొట్టం పెట్టాలా అన్నది ఆ మొదటి చూపుతోనే తేలిపోతుంది. రిపోర్టు వచ్చేది తర్వాత. ఒక్కోసారి అసలు రాదు, వచ్చినా మొదట చూసిన డాక్టరు అప్పటికి డ్యూటీ దిగిపోయి ఉంటారు. రోగి వార్డుకు వెళ్తాడు, రిపోర్టు కేస్‌షీట్‌కు అంటుకుంటుంది, రాత్రి తాను అన్నమాట సరైనదో కాదో ఆ హౌస్ సర్జన్‌కు ఎవరూ చెప్పరు.

ఈమధ్య ఫిల్మును వ్యూ బాక్సు మీద పెట్టి సెల్‌ఫోనుతో ఫొటో తీసి సీనియర్‌కు వాట్సాప్‌లో పంపడం అన్నిచోట్లా అలవాటైంది. విరిగిన తొడ ఎముకకు అది చాలు. పక్కటెముకల చాటున ఊపిరితిత్తి ముడుచుకుపోయి గాలి నిండిన చోట, అంటే న్యూమోథొరాక్స్‌లో, కనిపించవలసింది వెంట్రుకంత సన్నని గీత. ఫోను ఫొటోలో మొదట పోయేది ఆ గీతే.

నీడలు ఏం చెబుతాయి

మామూలు ఎక్స్‌రేలో కనిపించేవి ఐదు ఛాయలు. గాలి నల్లగా, కొవ్వు అంతకన్నా కొంచెం లేతగా, కండా రక్తమూ నీరూ బూడిదరంగులో, ఎముక తెల్లగా, లోహం మరీ తెల్లగా పడతాయి. కండకూ నీటికీ చీముకూ తేడా ఇందులో తెలియదు. కొత్తవారిని మొదట తికమక పెట్టేది ఇదే. అందుకని ఛాయకన్నా అంచులు చూడమంటారు. గుండెను ఆనుకుని ఉన్న ఊపిరితిత్తి భాగానికి నెమ్ము పట్టినప్పుడు అక్కడి గాలి పోయి ఆ భాగం గుండెలాగే బూడిదరంగుకు మారుతుంది. రెండింటి మధ్య గీత చెరిగిపోతుంది. గుండె కుడి అంచు చెరిగితే జబ్బు కుడి మిడిల్ లోబ్‌లో ఉందని, అంచు నిలిచే ఉండి దాని మీద తెల్లటి నీడ పడితే వెనకనున్న లోయర్ లోబ్‌లో ఉందని చెప్పవచ్చు. అమెరికా రేడియాలజిస్టు బెంజమిన్ ఫెల్సన్ 1950లో దీన్ని ‘సిల్హౌట్ సైన్’ పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. ఇప్పటికీ ఛాతీ ఫిల్ము పాఠాల్లో ఇంతకన్నా ఉపయోగపడే సూత్రం లేదనవచ్చు.

జబ్బు వెతికే ముందు ఫిల్ము సరిగా వచ్చిందో లేదో చూడటం సగం పని. కాలర్ ఎముకల లోపలి కొనలు వెన్నుపూస ముల్లుకు రెండువైపులా సమదూరంలో లేకపోతే మనిషి పక్కకు తిరిగి ఉన్నట్టు. డయాఫ్రమ్ పైన వెనక పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు రాకపోతే ఊపిరి పూర్తిగా పీల్చలేదు. అలాంటి ఫిల్ములో ఊపిరితిత్తుల అడుగుభాగాలు నెమ్ము పట్టినట్టే తోస్తాయి. నిలబెట్టి వెనకనుంచి తీసిన పీఏ ఫిల్ములో గుండె వెడల్పు ఛాతీ వెడల్పులో సగానికి మించకూడదు. మంచం మీద ముందునుంచి తీసిన ఫిల్ములో మామూలు గుండే పెద్దదిగా కనబడుతుంది, ఆ కొలత అక్కడ పనికిరాదు.

మన ఎక్స్‌రే గదుల్లో ఇంకో సంగతి ఉంది. ఆడవాళ్ల జడ భుజం దగ్గర పడివుంటే ఊపిరితిత్తి పైభాగంలో చారలతో కూడిన మచ్చలా వస్తుంది. క్షయ ఎక్కువగా కనిపించే చోటూ అదే. అనుభవమున్న రేడియోగ్రాఫర్ ముందే జడను పైకి ముడి వేయమంటాడు, తాయెత్తూ గొలుసులూ తీయిస్తాడు. చనుమొన నీడను గడ్డ అనుకోవడం, పసిపిల్లల థైమస్ గ్రంథిని నెమ్ము అనుకోవడం, పెరిగే పిల్లల మోచేతిలో ఇంకా అతుక్కోని ఎముక కేంద్రాలను విరిగిన ముక్కలనుకోవడం ప్రతి బ్యాచ్‌లోనూ జరిగేవే. ఎముక డాక్టర్లు రెండో చేతికీ ఎక్స్‌రే తీయించి పక్కపక్కన పెట్టి చూపించేది ఇందుకే.

తెలుగునాట చరిత్ర

విల్హెల్మ్ రాంట్‌జెన్ 1895 నవంబరు 8న ఎక్స్‌రే కిరణాలను కనుగొన్నాడు. ఆ తేదీనే ఇప్పుడు ప్రపంచ రేడియాలజీ దినంగా జరుపుతున్నారు. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు ఎక్స్‌రే విద్యలో పెద్ద దిక్కు మద్రాసే. అక్కడి జనరల్ ఆసుపత్రిలో 1934లో మొదలైన బర్నార్డ్ రేడియాలజీ సంస్థ ఆసియాలోనే పాత రేడియాలజీ సంస్థల్లో ఒకటి. దానికి పేరిచ్చిన టి.డబ్ల్యు. బర్నార్డ్‌కు తెలుగునేలతో నేరుగా సంబంధముంది. అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం ప్రాంతంలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి పల్లెల్లో నడుములు బిగుసుకుపోయి వంగలేని మనుషులను పరీక్షించి, అది నీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చిన ఎముకల జబ్బని తేల్చిన వ్యాసం 1937లో వచ్చింది. షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ దాన్ని రాశారు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌పై వచ్చిన తొలి వివరమైన రచన అది. అందులో ఎక్స్‌రే ఫిల్ములే ప్రధాన సాక్ష్యం.

తెలుగు విద్యార్థులకు ఎక్స్‌రే విద్య అనగానే గుర్తొచ్చే పేరు కాకర్ల సుబ్బారావు (1925–2021). ఆయన కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో రేడియాలజీ నేర్చి, ఉస్మానియాలో పాఠాలు చెప్పి, మళ్లీ అమెరికా వెళ్లి, 1980ల్లో తిరిగివచ్చి హైదరాబాదు నిమ్స్‌కు తొలి డైరెక్టరయ్యారు. 2000లో పద్మశ్రీ అందుకున్నారు. పరిపాలకుడిగానే జనం ఆయన్ను ఎక్కువ ఎరుగుదురు గానీ, రేడియాలజీ పీజీలకు ఆయన పంతులుగారే. వారికి తరగతులు నడపడానికి తన పేరిట ఒక ట్రస్టు కూడా పెట్టారు. ‘క్రెస్ట్’ అనే ఆ ట్రస్టు పేరు మన రాష్ట్రాల రేడియాలజీ పీజీలకు పరిచయమే.

పాఠ్యప్రణాళికలో చోటు

2019లో చేరిన బ్యాచ్ నుంచి అమల్లోకి వచ్చిన సామర్థ్య ఆధారిత ప్రణాళికలో రేడియో డయాగ్నసిస్‌కు కేటాయించిన క్లినికల్ పోస్టింగు రెండు వారాలు. వీలున్న చోట రేడియోథెరపీ కూడా అందులోనే. దీనికి తోడు ఛాతీ, చేతులు, కాళ్లు, పుర్రె ఫిల్ముల్లో భాగాలను గుర్తించడాన్ని అనాటమీ సామర్థ్యాల్లో చేర్చారు. ఇది మంచి మార్పు. ఎముక చేతిలో ఉండగానే దాని నీడను చూసినవారికి ఆ తర్వాత కష్టం తగ్గుతుంది. ఆఖరి ఏడాది పరీక్షల్లో రేడియాలజీకి విడిగా పేపరు లేదు, సర్జరీ పేపర్లలోనే ఒక భాగం. హౌస్ సర్జన్సీలో కోరుకుంటేనే ఆ విభాగంలో పనిచేస్తారు.

ఇక్కడొక విడ్డూరం. పీజీ కౌన్సెలింగులో పైర్యాంకులవాళ్లు మొదట ఎగరేసుకుపోయే సీట్లలో రేడియాలజీ ఒకటి. అదే రేడియాలజీ ఎంబీబీఎస్‌లో అందరికన్నా వెనక బెంచీలో కూర్చుంటుంది. పోటీ పరీక్షలో బొమ్మల ప్రశ్నలు పెరిగాక విద్యార్థులు ఎక్స్‌రేలను కోచింగ్ యాప్‌లలో చూస్తున్నారు. అక్కడ చూసేవి అచ్చు పుస్తకాల్లోని బొమ్మలు, ఒక్కో జబ్బుకు ఒక్కో చక్కని నమూనా. పెద్దపేగు మెలిపడితే కాఫీగింజ, గుండెలో ఫలానా లోపముంటే బూటు ఆకారం. జవాబు తెలిసిపోతుంది, చూపు మాత్రం పదునెక్కదు.

వైవా బల్ల సంగతి ఇంకా పాతది. విభాగంలో ఒక పెట్టెలో దాచిన ఫిల్ములే ఏటేటా వ్యూ బాక్సు ఎక్కుతాయి. ఒక మూల చిరిగిన ఫిల్ము అంటే హైడాటిడ్ సిస్టు, పసుపు మరక ఉన్నదంటే కుడివైపు ఎఫ్యూజన్ అని సీనియర్లు జూనియర్లకు చెప్పి పంపుతారు. పైగా ఆ పెట్టెలో జబ్బులేని ఫిల్ము దాదాపు ఉండదు. దాంతో ప్రతి ఫిల్ములోనూ ఏదో ఉండితీరుతుందన్న నమ్మకం విద్యార్థిలో పాతుకుపోతుంది. క్యాజువాలిటీలో వచ్చే ఫిల్ముల్లో చాలావాటిలో ఏమీ ఉండదు. ‘ఇది నార్మల్’ అని ధైర్యంగా అనడం ఎవరూ నేర్పని విద్య.

ఎంత బాగా చదువుతారు

నేర్పును కొలిచే ప్రయత్నం విద్యార్థులతో మొదలుకాలేదు, నిపుణులతోనే మొదలైంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికాలో క్షయను పసిగట్టడానికి ఏ రకం ఫిల్ము మేలో తేల్చాలని ఒక బృందాన్ని నియమించారు. 1947లో వెలువడిన వారి ఫలితం ఎవరూ ఊహించనిది. ఫిల్ముల మధ్య తేడాకన్నా వాటిని చూసేవారి మధ్య తేడా ఎక్కువ. అదే మనిషి అదే ఫిల్మును కొంతకాలం తర్వాత చూసి తన మాటనే తాను కాదన్న సందర్భాలూ ఉన్నాయి. ఇలాంటి ఫలితాలను కలిపి చూసిన ఎల్. హెన్రీ గార్లండ్ 1949లో, అనుభవజ్ఞులు కూడా జబ్బున్న ఫిల్ముల్లో దాదాపు 30 శాతం పట్టుకోలేకపోతున్నారని రాశారు. ఆ తర్వాత యంత్రాలన్నీ మారాయి. చూసే కన్ను మాత్రం అదే.

విద్యార్థుల సంగతికొస్తే, 2006లో అమెరికాలో ఒక బోధనాసుపత్రిలో విద్యార్థులకు, రెసిడెంట్లకు, ఫెలోలకు ఒకే పది ఛాతీ ఎక్స్‌రేలు ఇచ్చి చూశారు. పైమెట్టు ఎక్కినకొద్దీ మార్కులు పెరిగాయి. తాము చెప్పినదానిపై నమ్మకమూ పెరిగింది. అయినా న్యూమోథొరాక్స్‌లాంటి ప్రాణాపాయ స్థితులను కూడా కొందరు పోల్చుకోలేకపోయారు.

ఎదుగుదల నిట్టనిలువు మెట్లలా ఉండదని పిట్స్‌బర్గ్‌లో అలన్ లెస్‌గోల్డ్ బృందం 1980ల్లో చూపింది. కొన్ని కష్టమైన ఫిల్ములపై మధ్యస్థాయి రెసిడెంట్లు తమకన్నా కొత్తవారికంటే ఎక్కువ తడబడ్డారు. కొత్తవారు కనిపించినదాన్ని కనిపించినట్టు చెప్పారు. మధ్యస్థులకు తెలిసినది పెరిగింది, దాన్ని ఎక్కడ వాడాలో ఇంకా తెలియలేదు. మన పీజీ రెండో ఏడాదివారిని అడిగితే ఈ మాటకు నవ్వుతారు గానీ కాదనరు. తత్వవేత్త మైకేల్ పొలానీ కూడా 1958 నాటి తన గ్రంథంలో ఛాతీ ఎక్స్‌రే నేర్చుకునే విద్యార్థి ఉదాహరణే తీసుకున్నాడు. మొదట పంతులు చెప్పే మచ్చలేవీ కనిపించక, వారాల తరబడి వింటూ చూస్తూ ఉండగా క్రమంగా పక్కటెముకలు మరుగై ఊపిరితిత్తులు కళ్లకు కడతాయని ఆయన వర్ణన.

నిపుణుల చూపు ఎంత వేగమైనదో హెరాల్డ్ కుండెల్, కాల్విన్ నోడిన్ 1975లో కొలిచారు. ఫిల్మును సెకనులో ఐదోవంతు సేపు మెరిపించి తీసేస్తే కూడా రేడియాలజిస్టులు 70 శాతం దాకా సరిగ్గా చెప్పారు. మామిడి తోట బేరానికొచ్చిన వ్యాపారి గట్టు మీద నిలబడి ఒక్క చూపులో కాపు అంచనా కట్టినట్టుగా, ఎక్కడో తేడా ఉందని ముందు తట్టి, ఆ తర్వాత వెతకడం వారి పద్ధతి. కొత్తవారు ఒక మూలనుంచి మొదలుపెట్టి వెతుకుతూ పోతారు, తేడా ఉందన్న సూచన వారికి అందదు.

తప్పు ఎక్కడ పడుతుంది

తప్పంటే చూడకపోవడమే అనుకుంటాం. ఊపిరితిత్తి గడ్డల ఫిల్ములపై కనుచూపు కదలికలను నమోదుచేసి కుండెల్ బృందం 1978లో వేరే లెక్క చెప్పింది. దాటిపోయిన గడ్డల్లో సుమారు 30 శాతం చూపు పడనివి. 25 శాతం చూపు పడినా అక్కడ నిలవనివి. మిగిలిన 45 శాతం మీద కళ్లు చాలాసేపు నిలిచాయి, అయినా మనసు ‘ఇది జబ్బు కాదు’ అని కొట్టిపారేసింది. ‘సరిగ్గా చూడు’ అన్న గద్దింపు మొదటి రకానికే పనికొస్తుంది.

2013లో ట్రాఫ్టన్ డ్రూ బృందం సీటీ స్కాన్ బొమ్మల్లో ఒక గొరిల్లా బొమ్మను ఇరికించి, ఊపిరితిత్తి గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చింది. మామూలు గడ్డకు 48 రెట్లున్న ఆ గొరిల్లాను 20 మంది గమనించలేదు. వారిలో ఎక్కువమంది కళ్లు సరిగ్గా దాని మీద పడ్డాయి కూడా.

క్యాజువాలిటీలో మాటిమాటికీ జరిగే తప్పు ఇంకొకటి: ఒకటి దొరకగానే వెతకడం ఆపేయడం. మామిడిచెట్టు మీంచి పడ్డ పదేళ్ల కుర్రాడి ముంజేతి ఫిల్ము తీసుకుందాం. అల్నా ఎముక మధ్యలో విరిగినట్టు దూరం నుంచే కనబడుతుంది. హౌస్ సర్జన్ రాసేస్తారు, కట్టు పడిపోతుంది. అదే ఫిల్ములో పైన మోచేతి దగ్గర రేడియస్ తల తన చోటునుంచి తప్పుకుని ఉండవచ్చు. రేడియస్ నడిమిగుండా గీత గీస్తే ఏ కోణంలో తీసిన ఫిల్ములోనైనా అది భుజపుటెముక కింది కొనలో ఉన్న గుండ్రని కేపిటెల్లమ్ మీదుగా పోవాలి. పోకపోతే కీలు తప్పినట్టే. ఇటలీ సర్జన్ మాంటెజియా పేరుతో పిలిచే ఈ దెబ్బను మొదట వదిలేస్తే, వారాల తర్వాత చెయ్యి తిరగడం లేదని తల్లిదండ్రులు తీసుకొచ్చేసరికి చిన్న పని కాస్తా పెద్ద ఆపరేషనవుతుంది. స్కేలు పెట్టి ఒక గీత గీస్తే చాలిన పని అది. ముంజేతి ఫిల్ములో మోచెయ్యీ మణికట్టూ రెండూ పడ్డాయో లేదో ముందు చూడాలి.

మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడి విషయంలో ఈ తప్పు ఫిల్ము దాటి పోతుంది. మడమ ఎముక విరిగిందని తేలాక, ఆ దెబ్బ బరువు వెన్నుపూసల దాకా పాకి ఉండవచ్చని గుర్తుపెట్టుకుని నడుముకూ ఎక్స్‌రే రాయాలి. నొప్పంతా మడమలోనే ఉంటే రోగి నడుము సంగతి చెప్పడు.

ఏ బోధన పనిచేస్తుంది

ఊపిరితిత్తులు, గుండె, ఎముకలు, డయాఫ్రమ్ కింది భాగం అంటూ వరుస ప్రకారం చూడమని అన్ని పుస్తకాలూ చెబుతాయి. ఎలెన్ కోక్ బృందం 2016లో దీన్ని పరీక్షించింది. వరుస నేర్చినవారు వరుసగానే చూశారు, కనిపెట్టింది మాత్రం పెరగలేదు. దీన్నిబట్టి వరుస వద్దనలేం. గుండె వెనక, కాలర్ ఎముకల చాటున, డయాఫ్రమ్ కింద చూడటం మరిచిపోకుండా అది కాపాడుతుంది. ఏమి వెతకాలో తెలియనివారిని మాత్రం అది గట్టెక్కించదు.

మార్టిన్ ప్యూసిక్ బృందం పిల్లల చీలమండ ఎక్స్‌రేలు 234 పోగుచేసి, ఒక్కోదానికీ విద్యార్థి జవాబు చెప్పగానే సరైన జవాబు చూపించే ఏర్పాటు చేసింది. 2011లో వచ్చిన వారి వ్యాసం నేర్పు ఎదిగే తీరును గ్రాఫు గీసి చూపింది. మొదట్లో చప్పున పెరిగి తర్వాత నెమ్మదించిన ఆ గీత, ఎన్ని ఫిల్ములు చూస్తే ఎంత మార్పు వస్తుందో లెక్కగట్టడానికి దారి చూపింది. ‘రెండు వారాలు’ అని రోజుల్లో కొలిచే పోస్టింగును ఫిల్ముల లెక్కలో కొలవవచ్చన్నమాట. అదే బృందం మరుసటి ఏడు, శిక్షణలో ఇచ్చే ఫిల్ముల్లో జబ్బున్నవాటి పాలు మార్చి చూసింది. జబ్బు ఫిల్ములు ఎక్కువ చూసినవారు జబ్బును ఎక్కువగా పట్టుకున్నారు, జబ్బు లేనిచోట కూడా ఎక్కువగా చూశారు. వైవా పెట్టెలో నార్మల్ ఫిల్ములు చేర్చాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఒక గంట నెమ్ము ఫిల్ములు, ఇంకో గంట క్షయ ఫిల్ములు అని విడివిడిగా చెప్పేకన్నా కలగలిపి చూపిస్తే తర్వాతి పరీక్షలో విద్యార్థులు మెరుగ్గా చేస్తారని 2016లో అమెరికాలో జరిగిన మరో అధ్యయనం తేల్చింది. జబ్బు ఫిల్ము పక్కన మామూలు ఫిల్ము పెట్టి పోల్చి చూపడం కూడా ఇలాంటిదే. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. పేరు కొట్టేసిన ఫిల్ములూ, ఒక కంప్యూటరూ, ప్రతి ఫిల్ముకూ తర్వాత తేలిన నిజమూ ఉంటే చాలు. ఈ మూడోదాన్ని రాసిపెట్టే అలవాటే అరుదు.

రాత్రిపూట అసలైన పంతుళ్లు రేడియోగ్రాఫర్లని హౌస్ సర్జన్లు ఒప్పుకుంటారు. ‘సార్, మోచెయ్యి కూడా ఒకసారి చూడండి’ అని మెల్లగా అనే రేడియోగ్రాఫర్ వేల ఫిల్ములు చూసినవాడు. లండన్‌లోని ఒక ఆసుపత్రి 1985లో దీన్నే పద్ధతిగా మార్చింది. అనుమానమున్న ఫిల్ము మీద రేడియోగ్రాఫర్ ఒక ఎర్రచుక్క అంటిస్తాడు. క్యాజువాలిటీలో తప్పులు తగ్గాయి. మన ఆసుపత్రుల్లో ఆ పని నోటిమాటగా, మొహమాటంతో సాగుతోంది.

ఈ నేల ఫిల్ములు

పాఠ్యపుస్తకాల ఫిల్ములు ఎక్కువగా పాశ్చాత్య దేశాల ఆసుపత్రులవి. మెట్ట ప్రాంతంలో వచ్చే ఫిల్ములకు వేరే చరిత్ర ఉంటుంది, రోగి ఊరూ పనీ అడగకుండా అవి అర్థం కావు. రెండు ఊపిరితిత్తుల్లోనూ మధ్యనుంచి రెక్కల్లా తెల్లదనం పరుచుకుంటే విద్యార్థి చేయి ‘న్యూమోనియా’ అని రాయబోతుంది. మనిషి ఏ.కొండూరు తండానుంచి వచ్చాడని, డయాలసిస్ తప్పిందని తెలిస్తే అది ఒంట్లో నీరు పెరిగి ఊపిరితిత్తుల్లోకి చేరడం కావచ్చు. యాంటీబయాటిక్స్‌తో అది తగ్గదు.

రాయి కొట్టే పనిలో ఏళ్లు గడిపినవారి ఊపిరితిత్తుల పైభాగాల్లో చిన్నచిన్న గుండ్రటి మచ్చలు కనబడతాయి. సిలికా దుమ్ము పని అది. క్షయ మచ్చలూ అక్కడే. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ ముప్పు ఎక్కువ కాబట్టి రెండూ ఒకే ఫిల్ములో ఉండవచ్చు. ఈ దుమ్ము జబ్బుల ఫిల్ములను చూడటానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణ ఫిల్ముల సెట్టు తయారుచేసింది. చదివేవారు రోగి ఫిల్మును వాటి పక్కన పెట్టి, మచ్చల సాంద్రతను 12 మెట్ల కొలతపై గుర్తించాలి. అమెరికాలో 1974 నుంచి ఈ పనికి పరీక్ష పెట్టి ‘బీ రీడర్’ గుర్తింపు ఇస్తున్నారు. గుర్తింపు నిలబడాలంటే నిర్ణీత కాలానికి మళ్లీ పరీక్ష రాయాలి. చూసే నేర్పు ఒకసారి వస్తే శాశ్వతమని ఆ వ్యవస్థ నమ్మదు.

జగ్గయ్యపేట దాటితే సూర్యాపేట, ఆ పక్కనే నల్గొండ. అక్కడి ఫ్లోరోసిస్‌ను ఎ.హెచ్. సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. వెన్నుపూసలు సున్నం కొట్టినంత తెల్లగా, గీతలు కలిసిపోయి కనిపిస్తాయి. ప్రోస్టేట్ కేన్సర్ ఎముకలకు పాకినప్పుడు కూడా వెన్ను తెల్లబడుతుంది, పుస్తకం చదివిన విద్యార్థికి ముందు తట్టేది అదే. అప్పుడు ముంజేయి ఫిల్ము తీయాలి. రెండు ఎముకల మధ్య ఉండే పొర అంచున ముళ్లలా సున్నం పేరుకుని ఉంటే ఫ్లోరోసిస్ వైపు మొగ్గవచ్చు. ఈ జబ్బులోనూ ఒకే నమూనా లేదు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో నల్గొండ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిన పిల్లల, యువకుల కేసులను లాన్సెట్‌లో ప్రచురించారు. వారి వెన్ను గట్టిపడి తెల్లగా ఉండగా కాళ్ల ఎముకలు పలచబడి ఉన్నాయి.

యంత్రం పక్కన

2019–21లో జరిగిన జాతీయ క్షయ సర్వేలో తేలిన కేసుల్లో 42.6 శాతం, ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే దొరికేవే కావు. ఛాతీ ఎక్స్‌రే అక్కర మళ్లీ పెరిగింది. 2024 డిసెంబరులో మొదలైన వంద రోజుల క్షయ ఉద్యమంలో చేత్తో మోసుకెళ్లే ఎక్స్‌రే యంత్రాలు పల్లెలకు వెళ్లాయి. ఫిల్ముల లెక్క పెరిగింది, చదివేవారి లెక్క అంతగా పెరగలేదు. ఆ ఖాళీలోకి కంప్యూటర్ వచ్చింది. 15 ఏళ్లు దాటినవారి క్షయ పరీక్షకు మనిషి బదులు కంప్యూటర్ పఠనాన్ని వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అనుమతించింది. అనుమానం తేలినవారికి కళ్లె పరీక్ష ఎలాగూ తప్పదు.

ఈ యంత్రాలు నేర్చుకునే తీరు విద్యార్థుల తీరుకు దూరమేమీ కాదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు బయటపెట్టిన 1,12,120 ఛాతీ ఫిల్ములపై 2017లో స్టాన్‌ఫర్డ్ బృందం ఒక ప్రోగ్రామును తయారుచేసి, న్యూమోనియాను పోల్చుకోవడంలో అది రేడియాలజిస్టులకు తీసిపోదని ప్రకటించింది. మరుసటి ఏడే జాన్ జెక్ బృందం ఇలాంటి ప్రోగ్రాములను ఇతర ఆసుపత్రుల ఫిల్ములపై పరీక్షించి, వాటి నేర్పు తగ్గుతోందని చూపింది. ఫిల్ము అంచున ఉండే గుర్తులను బట్టి అది ఏ ఆసుపత్రిదో, ఏ యంత్రంతో తీసిందో పసిగట్టి, అక్కడ జబ్బు ఎంత ఎక్కువో దాన్నిబట్టి జవాబు చెప్పడం అవి నేర్చుకున్నాయి. చిరిగిన మూల చూసి హైడాటిడ్ సిస్టు అన్న విద్యార్థి చేసిందీ ఇదే.

ఫిల్ము చదివేవారిపై యంత్రం ప్రభావాన్ని 2023లో జర్మనీలో కొలిచారు. 27 మంది రేడియాలజిస్టులకు రొమ్ము ఎక్స్‌రేలు ఇచ్చి, పక్కన కంప్యూటర్ సూచనను చూపించారు. కొన్ని సూచనలను కావాలనే తప్పుగా పెట్టారు. సూచన సరైనదైనప్పుడు అనుభవం లేనివారు దాదాపు 80 శాతం సరిగ్గా చెప్పారు, తప్పు సూచన ఎదురైతే 20 శాతానికి పడిపోయారు. బాగా అనుభవమున్నవారూ 82 నుంచి 45 శాతానికి దిగారు. అందువల్ల కంప్యూటర్ పఠనం ఉన్న చోట శిక్షణకు ఒక షరతు పెట్టడం మంచిది: విద్యార్థి ముందు తన మాట కాగితం మీద రాసి సంతకం చేయాలి, ఆ తర్వాతే కంప్యూటర్ జవాబు తెరవాలి, చివరికి కళ్లె పరీక్షో ఆపరేషనో తేల్చిన నిజాన్ని ఆ కాగితం మీదే మూడో గడిలో నింపాలి. ఇప్పుడు పీజీలంతా మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన ఉంది. రేడియాలజీ పీజీ ఉన్న ఆ మూడు నెలలూ అక్కడి డ్యూటీ డాక్టర్ల కాగితాల్లో ఆ మూడో గడి నింపడానికి మనిషి దొరికినట్టే.